మూడు కొటేషన్ల టేప్ డెక్కు

నేను తెలివితక్కువవాణ్ణని ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా, ఆ సంగతి రుజువు చేసే కాగితాలు మూడు ఇప్పటికీ మా ఆవిడ శ్రుతి పెట్టె కింద భద్రంగా ఉండటమే.

అప్పట్లో నేను ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో, కొనుగోళ్ళ విభాగంలో పనిచేసేవాణ్ణి. కొనడం తక్కువ, గోళ్ళు కొరుక్కోవడం ఎక్కువ. గుండుసూదుల నించి ఇనప బీరువాల దాకా ఏది కొనాలన్నా మూడు దుకాణాల వాళ్ళచేత ధరలు రాయించి తెప్పించాలి. వాటిని కొటేషన్లంటారు. మూడింటినీ పక్కపక్కన పెట్టి, పట్టిక గీసి, తక్కువ ధర రాసినవాడికి ఆర్డరివ్వాలి. మూడు కొటేషన్లూ ఒక్కడే రాసుకొచ్చే మోసం ఆఫీసుల్లో మామూలే. ఆ మోసం పట్టుకోవడంలో నాకు పేరుండేది. సిరా రంగు, కాగితం మడత, అక్షరాల వాలు చూసి ఇట్టే చెప్పేసేవాణ్ణి. “ఈయన దగ్గర జాగ్రత్త” అని సరుకు తెచ్చేవాళ్ళు బయట అనుకుంటున్నారని మా ప్యూను ఒక్కసారి చెప్పాడు. నేను ఇంట్లో అది చాలాసార్లు చెప్పాను.

అలాంటి నేను ఒక పాత టేప్ డెక్కు కొన్నాను. మూడు కొటేషన్లు తీసుకుని మరీ.

కొనాల్సిన అవసరం మా ఆవిడది. ఆవిడ రాజమండ్రిలో ఎనిమిదేళ్ళు ఒక టీచరుగారి దగ్గర సంగీతం నేర్చుకుంది. పెళ్ళై ఢిల్లీ వస్తుంటే ఆ టీచరుగారు కూర్చుని తొమ్మిది క్యాసెట్ల నిండా పాఠాలు పాడి ఇచ్చారు. ప్రతి క్యాసెట్టూ టీచరుగారి గొంతుతో, ఏ ఎత్తులో పాడుతున్నారో చెప్పే “శ్రుతి అయిదున్నర” అన్న ప్రకటనతో మొదలవుతుంది. మధ్యమధ్య పాట ఆపి తిట్టడం కూడా ఉంటుంది. “ఆ గమకం ఏదీ? మింగేశావా? మళ్ళీ పాడు.” మళ్ళీ పాడటానికి వీలుగా కాసేపు ఖాళీ కూడా వదిలారు. తిట్టు ముందే తిట్టేసి, తప్పు చెయ్యడానికి తర్వాత చోటిచ్చే గురువును నేను ఇంకెక్కడా చూడలేదు.

టీచరుగారు పోయి అప్పటికి మూడేళ్ళు. ఆవిడ పోయిన ఏడాదే ఆ క్యాసెట్లు వినే మా టూ-ఇన్-వన్ కూడా పోయింది. సీడీలొచ్చి క్యాసెట్లను తరిమేస్తున్న రోజులవి. కొత్త టేప్ రికార్డరు కావాలంటే దుకాణాల్లో కుర్రాళ్ళు నన్ను మ్యూజియం దారి అడిగినవాణ్ణి చూసినట్టు చూసేవారు. తొమ్మిది క్యాసెట్లూ ఒక పాత చీరముక్కలో మూటగట్టి బీరువాలో ఉండేవి. మా ఆవిడ పాడటం తగ్గించి కూనిరాగంలోకి, కూనిరాగం తగ్గించి ప్రెషర్ కుక్కర్ ఈలలోకి దిగిపోయింది.

అప్పుడు సరోజినీ నగర్‌లో మా క్వార్టర్ల చుట్టుపక్కల తెలుగువాళ్ళు నలుగురు వచ్చి, “మా పిల్లలకి విజయదశమి నించి సంగీతం మొదలుపెట్టండి” అని మా ఆవిణ్ణి అడిగారు. ఆవిడ మొహం ముందు వెలిగింది. తర్వాత ఆరింది.

“టీచరుగారి పాఠం మళ్ళీ ఒకసారి వినకుండా నేను చెప్పనండీ,” అంది వాళ్ళు వెళ్ళాక. “ఆవిడ దగ్గర నేర్చుకుని పదేళ్ళైంది, క్యాసెట్లు విని మూడేళ్ళైంది. నాకు గుర్తున్నది ఆవిడ నేర్పిందో, నేను కల్పించుకున్నదో నాకే తెలియదు. తప్పు పాఠం చెప్తే పిల్లలకి జన్మంతా అదే నిలిచిపోతుంది.”

“అయితే వాళ్ళకేం చెప్తావు?”

“క్యాసెట్లు వినగలిగితే సరే అంటాను. లేకపోతే గొంతు బాగాలేదంటాను.”

విజయదశమికి ఇంకా అయిదు వారాలున్నాయి. నేను ఛాతీ విరిచి, “కొనడం నా వృత్తి” అన్నాను.

మెట్రో రైలు అప్పుడే కొత్తగా పాత ఢిల్లీ దాకా వచ్చింది. ఆఫీసయ్యాక ఎక్కి దిగితే, పాత ఆంప్లిఫైయర్లు, డెక్కులు, స్పీకర్లు అమ్మే సందు ఒకటుంది. తాకట్టు పెట్టి విడిపించుకోనివి, బదిలీల మీద వెళ్ళిపోతూ అమ్మేసినవి, ఎక్కడివో చెప్పనివి అన్నీ అక్కడికే చేరతాయి. సందులోకి వచ్చాక మాత్రం అన్నిటికీ ఒకటే పుట్టిల్లు.

“ఎంబసీ కా మాల్ హై సర్, రాయబారుల ఇంటి సరుకు,” అన్నాడు మొదటి దుకాణంవాడు. నున్నగా దువ్విన మీసం, మెడలో కొలతల టేపులాగా వేలాడే వైరు. “మేడమ్ ఒక్కరే వాడేవారు. అదీ ఆదివారాలే.”

ఆ మేడమ్ ఏ దేశమో గాని, ఆ సందులో నాలుగు వందల డెక్కులు ఆవిడ ఆదివారాలే వాడినట్టున్నారు.

అతను స్పీకర్లు లోపలే ఉన్న ఒక డెక్కులో తన క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు. ఢోలు. అదీ మామూలు ఢోలు కాదు, పక్కింటి పెళ్ళి మన ఇంట్లో జరుగుతున్నంత ఢోలు. బల్ల మీదున్న టీ గ్లాసు అంగుళం అంగుళం జరగడం మొదలుపెట్టింది.

“దేఖా సర్? గ్లాస్ నాచ్ రహా హై!”

గ్లాసు నాట్యం చేస్తోందంటే సంగీతం బాగున్నట్టే కదా అనుకున్నాను. చెవులతో చెయ్యాల్సిన పని కళ్ళకి అప్పగించాను. అప్పటికీ నాలోని ఉద్యోగి నిద్రపోలేదు. “కొటేషన్ కావాలి. రాసి ఇవ్వాలి,” అన్నాను.

అతను ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత అతని మొహం మీద నెమ్మదిగా పరుచుకున్న ఆ వెలుగును నేను గౌరవం అనుకున్నాను.

“క్యోం నహీ సర్! ఇంకా రెండు దుకాణాలున్నాయి, అక్కడ కూడా అడగండి. తొందరేముంది?” అని తనే వేలు పెట్టి చూపించాడు. పోటీదారుణ్ణి తనే చూపించే వ్యాపారి! ఢిల్లీలో నిజాయితీ ఇంకా మిగిలే ఉందని నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రెండు దుకాణాలవాళ్ళూ మర్యాదస్తులే. కాగితం లేదు, రాయించి పంపిస్తాం, మీరు అక్కడే కూర్చుని టీ తాగండి అన్నారు. నేను మొదటి దుకాణంలోనే కూర్చుని టీ తాగాను. రెండు కొటేషన్లూ నడుచుకుంటూ నా దగ్గరికే వచ్చాయి. టీ తాగిన దుకాణంవాడిదే తక్కువ ధర. నేను జేబులోంచి కలం తీసి, మూడిటి మీదా ‘చూశాను’ అని సంతకం కూడా పెట్టాను.

డెక్కును దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, పురిటి నించి బిడ్డను తెచ్చినట్టు ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. మూట విప్పి, నాలుగో క్యాసెట్టు తీసింది. అది ఆవిడకి ప్రాణం. మోహన రాగం వర్ణం అందులోనే ఉంది. మీట నొక్కింది. మూడేళ్ళ తర్వాత టీచరుగారి గొంతు మా ముందుగదిలో వినిపించింది.

“శ్రుతి అయిదున్నర.”

మా ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఆనందం అనుకున్నాను. టీచరుగారు వర్ణం అందుకున్నారు. ఆఖరి బస్సు అందుకోవాలన్నట్టు అందుకున్నారు.

“ఏమండీ, ఇది మా టీచరుగారు కాదు.”

“ఆవిడే కదా చెప్పింది, అయిదున్నరని?”

మా ఆవిడ తన శ్రుతి పెట్టె తెచ్చి అయిదున్నరకి పెట్టింది. అది ఒక దారిన, టీచరుగారు ఒక దారిన పోయారు. పెట్టె మీద మర తిప్పుతూ పోయింది. ఆరు. ఆరున్నర. అక్కడ కలిశారు. ఏ అభ్యాసమూ లేకుండా, చనిపోయాక ఒక మెట్టు పైకెక్కారు టీచరుగారు. శ్రుతి మించడమంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

“ఆపెయ్యండి,” అంది మా ఆవిడ.

నేను మీట నొక్కేలోపు డెక్కు తన రెండో విద్య చూపించింది. లోపల ఏదో నమిలిన చప్పుడు. టీచరుగారు ఒక దీర్ఘం తీసి, నీళ్ళలో మునిగినట్టు మాయమయ్యారు. మూత తీస్తే గోధుమరంగు రిబ్బను సేమ్యాలాగా చుట్టలు చుట్టుకుని ఉంది. నేను టేప్ డెక్కు తేలేదు, టేపు మేసే డెక్కు తెచ్చాను.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. పెన్సిలు ముక్క తెచ్చి, క్యాసెట్టు చక్రంలో దూర్చి, రిబ్బను వెనక్కి చుట్టడం మొదలుపెట్టింది. తిడితే బాగుండుననిపించింది. కనీసం ఖాళీ వదిలితే నేను సమాధానం చెప్పుకునేవాణ్ణి.

భోజనాలయ్యాక, బల్ల మీదున్న మూడు కొటేషన్లు ఊరికే చూస్తూ అడిగింది.

“ఈ మూడిట్లోనూ ఏడు అంకె ఒకేలా ఉందేమిటండీ?”

చూశాను. మూడిట్లోనూ ఏడు నడుముకి అడ్డగీత. మూడు గీతలూ ఎడమవైపుకి ఒకే వంపు. ఆఫీసులో అయితే గుమ్మంలోంచే కనిపెట్టేవాణ్ణి. కింద నా సంతకం: చూశాను.

“చూశారుగా మరి,” అంది. అంతే అంది.

మర్నాడు డెక్కు మోసుకుని సందుకి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ. మొదటి దుకాణంలో ముగ్గురు యజమానులూ ఒకే క్యారియరు చుట్టూ కూర్చుని రొట్టెలు తింటున్నారు. రెండో దుకాణంవాడు మొదటివాణ్ణి “జీజాజీ, అచార్ దేనా” అని ఊరగాయ అడుగుతున్నాడు. అంటే ఇతను అతని బావమరిది. మూడోవాడు “మామాజీ” అంటున్నాడు. అంటే మేనల్లుడు. నేను ఒక కుటుంబాన్ని టెండరు పిలిచాను.

జరిగింది చెప్పాను. మీసాలాయన ఓపిగ్గా విన్నాడు.

“మీరే కదా సర్ పరీక్ష చేసింది? గ్లాస్ నాచా థా యా నహీ?”

“నాచా,” అన్నాను.

“ఫిర్? మీ సౌత్ పాటలే అలా ఉంటాయి సర్. మెషీన్ ఏం చేస్తుంది?”

“రొట్టె తినండి సార్,” అన్నాడు మేనల్లుడు, నిజంగానే జాలిపడి.

దానికి జవాబు శ్రుతి భాషలో ఉంది. ఆ భాష నాకు రాదు. డెక్కు మళ్ళీ దుప్పట్లో చుట్టుకున్నాను.

మా కింది క్వార్టరాయన గుంటూరు మనిషి, రేడియోలో ఇంజనీరు. మెట్ల మీద నన్నూ దుప్పటినీ చూసి, “ఏందండీ, రోజూ ఎత్తుకుని తిప్పుతున్నారు, ఏడుస్తోందా?” అన్నారు. విషయం విని, స్క్రూడ్రైవరు తీసుకుని పైకొచ్చి, డెక్కు డొక్క విప్పారు.

“హెడ్డు అరిగిపోయిందమ్మా, టేపుని చదివేది అదే. అరిగితే శబ్దం మొద్దుబారుద్ది. అది తెలీకుండా అమ్మినోడు మోటారు వేగం పెంచేశాడు. వేగం పెరిగితే ఖంగుఖంగుమంటది. ఢోలుకి శ్రుతి ఎవుడు చూస్తాడు? ఇదిగో, ఈ రబ్బరు చక్రం గట్టిపడిపోయింది. మీ టేపు నమిలింది ఇదే.”

“బాగవుతుందా అంకుల్?” అంది మా ఆవిడ. ఢిల్లీలో బాబాయిలందరూ ఎప్పుడో అంకుళ్ళైపోయారు.

“మీ చచ్చిపోయిన టూ-ఇన్-వన్ పారేశారా?”

పారెయ్యలేదు. ప్రభుత్వోద్యోగి ఇంట్లో ఏదీ చావదు, అటక మీదికి బదిలీ అవుతుంది. దాని హెడ్డూ రబ్బరు చక్రమూ అదృష్టం కొద్దీ దీనికి సరిపోయాయి. అవయవదానం పూర్తయింది. తర్వాత ఆయన మోటారు వెనకనున్న సన్నటి చిల్లు చూపించి, అందులో వేగం తిప్పే మర ఉందని చెప్పి, స్క్రూడ్రైవరు మా ఆవిడ చేతికిచ్చారు.

“మీరే తిప్పాల. నా మీటరు ఆఫీసులో ఉంది. మీ మీటరు మీ చెవిలోనే ఉందిగా.”

మా ఆవిడ శ్రుతి పెట్టె అయిదున్నరకి పెట్టి పక్కన ఉంచుకుంది. ఒకటో క్యాసెట్టు వేసింది. తంబురా బిరడా తిప్పినట్టు, కళ్ళు మూసుకుని, మర తిప్పసాగింది. ఆరున్నర మీది టీచరుగారు నెమ్మదిగా, చీర కుచ్చిళ్ళు పట్టుకుని మేడ దిగుతున్నట్టు, ఒక్కొక్క మెట్టే దిగారు. ఆరు. ఇంకాస్త. గొంతులో కంగారు తగ్గింది. ఇంకాస్త. ఎక్కడో ఒక చోట శ్రుతి పెట్టె చప్పుడు మాయమైపోయింది. ఆగిపోయిందేమో అని నేను చెయ్యి చాచాను.

“ముట్టుకోకండి,” అంది మా ఆవిడ. “కలిసింది.”

టీచరుగారు తాపీగా ఆ పాఠం ముగించి, “ఆ గమకం ఏదీ? మింగేశావా?” అన్నారు. మా ఆవిడ ఏడుస్తూ నవ్వింది. కింది క్వార్టరాయన, “ఎవురమ్మా, నన్నేనా?” అన్నారు.

నాలుగో క్యాసెట్టులో నలిగిన ముక్క మాత్రం బతకలేదు. ఇంజనీరుగారు బ్లేడుతో దాన్ని కోసి రెండు చివర్లూ అతికించారు. వర్ణం మధ్యలో ఒక చిన్న గొయ్యి పడింది. టీచరుగారు ఒక గట్టున ఆగి, మరుక్షణం రెండో గట్టున ఉంటారు. నేను చేసిన గొయ్యి కాబట్టి అది వచ్చినప్పుడల్లా తల దించుకునేవాణ్ణి. మూడో రోజో నాలుగో రోజో, ఆ చోటు రాగానే మా ఆవిడ డెక్కు ఆపింది. తర్వాత ఆ పోయిన ముక్క తనే పాడింది, కూనిరాగం కాదు, గొంతు విప్పి. మళ్ళీ మీట నొక్కింది. టీచరుగారు అక్కడి నించి అందుకున్నారు, ఏమీ తిట్టకుండా.

“ఇది నాకు సరిగ్గానే గుర్తుంది,” అంది మా ఆవిడ నా వంక తిరిగి.

ఆ సాయంత్రమే వెళ్ళి పిల్లల తల్లులకి సరేనని చెప్పి వచ్చింది.

విజయదశమికి ఆరుగురు పిల్లలొచ్చారు. తెలుగులో చెప్తే హిందీలో జవాబిచ్చే పిల్లలు. మా ఆవిడ పాఠం చెప్పి, టీచరుగారి గొంతు వినిపించేది. “మళ్ళీ పాడు” అని డెక్కు గద్దించగానే ఆరుగురూ ఉలిక్కిపడి పాడేవారు. “ఆంటీ, యే వాలీ ఆంటీ బహుత్ స్ట్రిక్ట్ హైఁ,” అని ఒక పిల్ల డెక్కు వంక చూస్తూ రహస్యంగా చెప్పింది.

దీపావళి దగ్గరపడుతుండగా మా ఆవిడ అంది. “తొమ్మిదింటికీ నకళ్ళు తీసి దాచాలండీ. ఇంకోసారి ఏది నలిగినా నేను భరించలేను. రెండో డెక్కు కావాలి.”

“నేను కొనను,” అన్నాను.

“మీరెందుకు కొంటారు? నేను కొంటాను. మీరు మొయ్యండి.”

ఒక శనివారం ఇద్దరం అదే సందుకి, అదే దుకాణానికి వెళ్ళాం. మీసాలాయన నన్ను చూసి, పోయిన బంధువు తిరిగొచ్చినట్టు సంబరపడ్డాడు. దుకాణం నిండా జనం, పండగ బేరాలు.

“ఆయియే సర్! నమస్తే మేడమ్! ఎంబసీ కా నయా మాల్ ఆయా హై.” ఢోలు క్యాసెట్టు అప్పుడే చేతిలో ఉంది. గ్లాసు బల్ల మీద సిద్ధంగా ఉంది.

“ఏక్ మినట్ భయ్యా,” అంది మా ఆవిడ. సంచిలోంచి శ్రుతి పెట్టె తీసి, గ్లాసు పక్కకి జరిపి, అక్కడ పెట్టింది. ఇంకో క్యాసెట్టు తీసింది. అందులో టీచరుగారు లేరు. మా ఇంటి డెక్కు మీద తను నింపుకొచ్చిన ఒట్టి శ్రుతి ఉంది, అరగంట సేపు.

మొదటి డెక్కులో వేసింది. రెండు శ్రుతులూ ఒకదాన్నొకటి గీరుకున్నాయి. సంగీతం రానివాడికి కూడా పళ్ళు జివ్వుమన్నాయి.

“తేజ్ హై,” అంది మా ఆవిడ. “వేగం ఎక్కువ.” రెండోది వేసింది. “యే భీ తేజ్.” మూడోది. “యే తో భాగ్ రహా హై. పరిగెడుతోంది.”

నేను కొనుగోళ్ళ విభాగంవాణ్ణి. ఊరికే నిలబడటం చేతకాదు. జేబులోంచి చీటీలు తీసి, ఆఫీసు పద్ధతిలో ఒక్కొక్క డెక్కు మీద ‘తిరస్కరించబడింది’ అని ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, అంటించాను.

బేరమాడుతున్నవాళ్ళు బేరాలాపి మా చుట్టూ మూగారు. ఒకాయన అప్పుడే కొన్న డెక్కు చంకలోంచి దించి, “దీదీ, మేరా భీ దేఖ్ లీజియే,” అన్నాడు. మా ఆవిడ చూసింది. నేను చీటీ అంటించాను. ఆయన మీసాలాయన వంక తిరిగాడు. గోల విని బావమరిది వచ్చాడు, మేనల్లుడు వచ్చాడు.

“మేడమ్, బస్,” అన్నాడు మీసాలాయన చేతులు జోడించి. “మీకేది కావాలో చెప్పండి.”

మా ఆవిడ బల్ల కింద, దుమ్ము కొట్టుకుని, ఒక మీట విరిగి, కుర్చీ కాలికి ఎత్తు కోసం పెట్టిన డెక్కు చూపించింది. “అది.” అమ్మకానికి పెట్టని దానికి ఎవరూ వేగం పెంచి ఉండరు కదా.

“వో? అది ఎంబసీది కాదు మేడమ్,” అన్నాడతను, నిజం జారిపోయి.

అది తీసి, దులిపి, క్యాసెట్టు వేశారు. శ్రుతి పెట్టె చప్పుడు మాయమైపోయింది. “యే ఠీక్ హై,” అంది మా ఆవిడ.

మీసాలాయన ధర చెప్పాడు. అందులో ఒక ఏడుంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇంటి దగ్గర నించి తెచ్చిన తెల్లకాగితాలు మూడు బల్ల మీద పరిచి, నాకొచ్చిన హిందీలో, ఆఫీసులో కూడా ఎన్నడూ పలకనంత మర్యాదగా అన్నాను.

“కొటేషన్లు కావాలండీ. ఈసారి మీకు శ్రమ లేదు. మీ బావమరిది ఇక్కడే ఉన్నారు, మేనల్లుడూ ఇక్కడే ఉన్నాడు. ముగ్గురూ నా ఎదురుగానే కూర్చుని రాయండి. ఏడు అంకె మాత్రం తలో రకంగా వెయ్యండి. ఈలోపు నేను టీ తాగుతాను.”